మెరినో గొర్రె: సన్నని ఉన్నికి మూలం చర్మంలోనే

బాగా పెరిగిన మెరినో గొర్రె పక్కటెముకల మీది ఉన్నిని, పాపిట తీసినట్లుగా రెండు చేతులతో విడదీసి చూస్తే, మొదటిసారి చూసేవారికి ఆశ్చర్యం కలుగుతుంది. పైకి బూడిద రంగులో, దుమ్ము పట్టి, జిడ్డుగా కనిపించేది పలచని పై పొర మాత్రమే. దాని కింద ఉన్ని మీగడ రంగులో మెరుస్తూ, చిన్న చిన్న అలలతో అడుగు దాకా దిగుతుంది. అట్టడుగున లేత గులాబి రంగు చర్మం ఒక సన్నని గీతలాగా మాత్రమే కనిపిస్తుంది. ఇరువైపులా ఉన్ని పోగులు అంత కిక్కిరిసి ఉండటం వల్లనే ఆ గీత అంత సన్నగా ఉంటుంది. ఈ జాతి గొప్పదనంలోనూ, దీన్ని పెంచేవారి అవస్థల్లోనూ చాలా భాగానికి మూలం ఆ కిక్కిరింపే.

ఉన్ని సన్నదనాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తల వెంట్రుక మందం సాధారణంగా 50 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మెరినో ఉన్ని పోగు చాలావరకు 24 మైక్రాన్లకు లోపే ఉంటుంది. మేలిరకం మందల్లో 18కి, అరుదుగా 15కి కూడా దిగుతుంది. ఉన్ని బట్ట ఒంటికి గుచ్చుకోవడానికి కారణం అలర్జీ అని చాలామంది అనుకుంటారు గాని, అసలు కారణం చాలా సందర్భాల్లో మందమే. సుమారు 30 మైక్రాన్లకు మించిన పోగు కొస చర్మానికి తగిలినప్పుడు వంగకుండా నిలబడి, నరాల చివరలను పొడుస్తుంది. అంతకంటే సన్నని పోగు ఆ ఒత్తిడికి తట్టుకోలేక వంగిపోతుంది. అందుకే ఒంటికి ఆనించి తొడిగే ఉన్ని దుస్తులకు మెరినో ఉన్నినే కోరుకుంటారు.

ఇంత సన్నని పోగు ఎలా వస్తుందో తెలుసుకోవాలంటే గొర్రె కడుపులో ఉన్న పిల్ల దగ్గరికి వెళ్లాలి. చూలు కాలం సుమారు 150 రోజులు. పిండం చర్మంలో రోమకూపాలు రెండు విడతలుగా ఏర్పడతాయి. దాదాపు 60వ రోజున మొదలయ్యేవి ప్రాథమిక కూపాలు; వీటికి చెమట గ్రంథి, కొవ్వు గ్రంథి, వెంట్రుకను నిక్కబొడిచే చిన్న కండరం ఉంటాయి. మూడో నెల చివరికి వచ్చేసరికి వాటి చుట్టూ ద్వితీయ కూపాలు మొలవడం మొదలుపెడతాయి. వీటికి చెమట గ్రంథి గాని కండరం గాని ఉండవు, కొవ్వు గ్రంథి ఒక్కటే ఉంటుంది. మెరినోలో ఈ ద్వితీయ కూపాలు కొమ్మలు వేసినట్లు చీలుతూ పోతాయి. ముతక ఉన్ని జాతుల్లో ఒక్కో ప్రాథమిక కూపానికి మూడు నుంచి ఆరు ద్వితీయ కూపాలు ఉంటే, మెరినోలో ఇరవై, అంతకు మించి కూడా ఉంటాయి. పెద్దయిన గొర్రె చర్మంలో చదరపు మిల్లీమీటరుకు 50 నుంచి 80 కూపాలు కనిపించడం దీనివల్లనే. ఉన్న చోటును, అందే పోషణను అన్ని కూపాలు పంచుకోవాలి కాబట్టి ఏ ఒక్కటీ లావు పోగును తీయలేదు. కూపాలన్నింటికీ పునాది పుట్టేలోపే పడిపోతుంది; ద్వితీయ కూపాల్లో చాలా వాటి నుంచి మాత్రం పిల్ల పుట్టాక కొన్ని నెలలకు గాని పోగు బయటికి రాదు. తల్లి చూలులో ఉండగా చివరి రెండు నెలలు మేత చాలకపోతే, ఆ లోటు పిల్ల ఉన్నిలో జీవితాంతం ఉండిపోతుంది.

పోగులోని అలలకు కూడా కారణం దాని నిర్మాణంలోనే ఉంది. పోగు లోపల స్వభావంలో వేరైన రెండు రకాల కణాలు పక్కపక్కన సగం సగంగా పరుచుకొని, రెండూ ఒకదాని చుట్టూ ఒకటి మెలి తిరుగుతూ ఉండటం వల్ల పోగు అల తిరుగుతుంది. ఆ అలల మధ్య గాలి చిక్కుకొని వెచ్చదనాన్ని నిలుపుతుంది. కొవ్వు గ్రంథుల నుంచి ఊరే జిడ్డు పోగులను ఎండ వానల నుంచి కాపాడుతుంది. కడిగినప్పుడు వేరయ్యే ఆ జిడ్డును శుద్ధి చేస్తే వచ్చేదే లేపనాల్లో వాడే లానోలిన్. కడిగాక మిగిలే శుభ్రమైన ఉన్ని, కత్తిరించినదాని బరువులో సాధారణంగా మూడింట రెండు వంతులే.

అడవి గొర్రెలు ఏటా వేసవికి ముందు బొచ్చు రాల్చుకుంటాయి. మెరినో ఆ గుణాన్ని పోగొట్టుకుంది. దాని ఉన్ని ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. 2015లో ఆస్ట్రేలియాలో కాన్‌బెరా సమీపంలో దొరికిన, ఏళ్ల తరబడి కత్తెర తగలని ఒక మెరినో ఒంటి నుంచి 41.1 కిలోల ఉన్ని తీశారు. ఈ వార్తను అప్పట్లో వింతగా చెప్పుకున్నారు గాని, నిజానికి అది ఆ జంతువు పడిన నరకం. మనిషి కత్తెర లేకుండా బతకలేని జాతిని మనిషే తయారు చేశాడు.

ఆ తయారీ మొదట స్పెయిన్‌లో జరిగింది. అక్కడ 1273లో రాజు పదో అల్ఫోన్సో గుర్తింపు పొందిన మెస్టా అనే మందల యజమానుల సంఘం, వేసవిలో ఉత్తరపు కొండలకు, చలికాలంలో దక్షిణపు మైదానాలకు గొర్రెలను తోలుకుపోయే దారులపై శతాబ్దాల పాటు హక్కులు అనుభవించింది. గొర్రెలను దేశం దాటించడం నేరం. 18వ శతాబ్దంలో ఆ కట్టుబాటు సడలి, రాజుల మధ్య కానుకలుగా, కొనుగోళ్లుగా గొర్రెలు బయటికి నడిచాయి. 1765లో నేటి జర్మనీలోని శాక్సనీకి, 1786లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీకి చెందిన రాంబూయే క్షేత్రానికి చేరాయి. రాంబూయేకు వచ్చిన మూడు వందలకు పైబడిన గొర్రెల సంతతిని బయటి రక్తం కలవనీయకుండా ఇప్పటికీ అక్కడ నిలుపుకుంటూ వస్తున్నారు. 1797లో దక్షిణాఫ్రికా కొస నుంచి కొన్ని మెరినోలు ఓడల మీద ఆస్ట్రేలియాకు వెళ్లాయి. ఆ తరువాతి వందేళ్లలో పొడి మైదానాలకు తగిన, పెద్ద ఒళ్లు గల పెప్పిన్ మెరినో వంటి రకాలు అక్కడే రూపుదిద్దుకున్నాయి.

చూపుకు మెరినో మధ్యస్థమైన ఒళ్లు, తెల్లని మెత్తని మూతి కల గొర్రె. పొట్టేళ్లకు చెవుల చుట్టూ సుడి తిరిగిన బరువైన కొమ్ములు ఉంటాయి, ఆడవాటికి సాధారణంగా ఉండవు. పొట్టేళ్లకు కూడా కొమ్ములు లేని రకాలను వేరుగా అభివృద్ధి చేశారు. మాంసానికి పెంచే జాతులతో పోలిస్తే నెమ్మదిగా ఎదుగుతుంది. పొడి నేలల్లో తక్కువ మేతతో నెట్టుకొస్తుంది గాని, తడి నేలలో గిట్టల కుళ్లు దీన్ని త్వరగా పట్టుకుంటుంది.

పెంపకందారుల దృష్టిని చాలాకాలం తప్పుదారి పట్టించినవి మెడ మీద, తోక చుట్టూ ఉండే చర్మపు ముడతలు. ముడతలు ఎక్కువైతే చర్మం వైశాల్యం పెరుగుతుంది, దాంతో ఉన్ని కూడా పెరుగుతుందని లెక్క వేశారు. 1880ల నుంచి ఆస్ట్రేలియా మందల్లోకి అమెరికా వెర్మాంట్ పొట్టేళ్లను విరివిగా దింపారు. వాటి పిల్లలు ఒళ్లంతా మడతలతో పుట్టాయి. బరువు పెరిగింది నిజమే, అయితే ఆ బరువులో జిడ్డు పాలు ఎక్కువ. కత్తెర మడతల్లో దిగక చర్మం తెగేది, ఈనే శాతం తగ్గింది. అన్నిటికంటే పెద్ద ఆపద ఈగలది. మూత్రంతో, పేడతో తడిసిన తోక మడతల్లో ఈగలు గుడ్లు పెడితే, పుట్టిన పురుగులు సజీవంగా ఉన్న గొర్రె మాంసాన్ని తింటాయి. దీనికి విరుగుడుగా తోక చుట్టూ చర్మాన్ని కోసివేసే మ్యూల్సింగ్ అనే పద్ధతి ఆస్ట్రేలియాలో వ్యాపించింది. న్యూజిలాండ్ 2018లో దాన్ని నిషేధించింది. ముడతలు లేని, తోక చుట్టూ సహజంగా ఉన్ని మొలవని గొర్రెలను ఎంచుకోవడమే అసలైన పరిష్కారం. అది ఒకటి రెండు తరాల్లో అయ్యే పని కాదు.

ఎంపికను కంటి అంచనా నుంచి కొలతకు మళ్లించిన వారిలో ముఖ్యురాలు ఆస్ట్రేలియా శాస్త్రవేత్త హెలెన్ న్యూటన్ టర్నర్. అంగుళానికి ఎన్ని అలలు ఉన్నాయో చూసి సన్నదనం తేల్చే పాత అలవాటు పూర్తిగా అబద్ధం కాదు గాని, ఒక్కో గొర్రె విషయంలో అది తరచూ మోసం చేస్తుంది. కొలిచి చూస్తే, పోగు మందంలో గొర్రెకూ గొర్రెకూ మధ్య ఉండే తేడాలో దాదాపు సగం వంశపారంపర్యంగా వచ్చేదని తేలింది. అంటే మందలోని సగటు కంటే 2 మైక్రాన్లు సన్నని ఉన్ని గల పొట్టేలును సగటు గొర్రెలపైకి దింపితే, ఆ 2 మైక్రాన్లలో రక్తగుణం వల్ల వచ్చినది ఒకటి, అందులో సగం పిల్లలకు దక్కుతుంది కాబట్టి పిల్లల ఉన్ని సగటున అర మైక్రాను సన్నబడుతుంది. వినడానికి స్వల్పమే, కానీ తరం తరానికీ అది కూడుతూ పోతుంది. చిక్కు ఏమిటంటే, ఉన్ని బరువును పెంచే జన్యువుల్లో కొన్ని పోగును కూడా లావు చేస్తాయి. కాబట్టి ఒక్క బరువే చూసి పొట్టేలును ఎంచుకునేవాడు తెలియకుండానే ముతకదనాన్ని కూడా ఎంచుకుంటాడు. రెండూ కలిసి వచ్చిన అరుదైన పొట్టేలు కోసం వెతకాల్సిందే.

ఇంకో మోసం ఆకలిది. మేత తగ్గితే ఏ గొర్రె ఉన్ని అయినా సన్నబడుతుంది, కానీ ఆ సన్నబడిన చోటే పోగు పట్టుకు ఆగక తెగుతుంది. కరవు ఏడాది ఉన్ని కుచ్చును రెండు చివరలా పట్టుకొని చెవి దగ్గర చిటుక్కున లాగితే, నడిమికి విరిగిన చప్పుడు వినిపిస్తుంది. అందువల్ల ఒకే మందలో, ఒకే కాలంలో పుట్టి, ఒకే మేత మేసిన గొర్రెలను మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చాలి.

ఆడ గొర్రెలను ఏడాదిన్నర వయసులో, ఒళ్లు నిండాక, మొదటిసారి దాటిస్తారు. ఎద సుమారు 17 రోజులకు ఒకసారి వస్తుంది. మెరినోకు ఎద కాలం చాలా జాతుల కంటే సుదీర్ఘం. వంద గొర్రెలకు ఒకటి రెండు మంచి పొట్టేళ్లు చాలు. గొర్రె గర్భాశయ ముఖద్వారం మెలికలు తిరిగి ఉండటంతో, నిల్వ ఉంచిన వీర్యాన్ని ఉదరంలో చిన్న గాటు పెట్టి, గొట్టం ద్వారా చూస్తూ నేరుగా గర్భాశయంలోకి ఎక్కిస్తారు.

మెరినో సాధారణంగా ఈతకు ఒక పిల్లనే ఇస్తుంది. ఆస్ట్రేలియాలోని బూరూలా అనే ఒక మందలో మాత్రం రెండు, మూడు, అంతకు మించి పిల్లలు పుట్టడం కనిపించింది. అందుకు కారణమైన ఒకే ఒక్క జన్యువును 2001లో గుర్తించారు. ఆ జన్యువే సుందర్‌బన్స్ ప్రాంతపు గరోల్ గొర్రెల్లోనూ ఉందని ఆ తరువాత తేలడంతో, తొలినాళ్లలో ఓడల మీద వెళ్లిన బెంగాల్ గొర్రెల ద్వారానే అది అక్కడికి చేరి ఉంటుందన్న ఊహ బలపడింది. అయితే కవలలుగా పుట్టిన మెరినోలు తల్లి కడుపులో చోటునూ పోషణనూ పంచుకుంటాయి కనుక, వాటి చర్మంలో ద్వితీయ కూపాలు కొంత తక్కువగా ఏర్పడతాయి. జీవితాంతం కాస్త తక్కువ ఉన్ని, కాస్త ముతక ఉన్ని ఇస్తాయి. అది రక్తంలోని లోపం కాదు. కాబట్టి పొట్టేలు పిల్లలకు విలువ కట్టేటప్పుడు అనుభవం గల పెంపకందారుడు ఉన్ని నమూనాతో పాటు ఈనిన నాటి చిట్టాను కూడా తెరిచి, అది ఒంటరిగా పుట్టిందా, జంటగా పుట్టిందా అని చూసి, ఆ మేరకు లెక్క సవరించుకుంటాడు.