కారు గుర్రాల్లో తరుగు ఎంత?

1971లో కాడిలాక్ ఎల్డొరాడో అనే అమెరికా కారు ఇంజిను శక్తి 365 హార్స్‌పవర్ అని కంపెనీ చెప్పుకుంది. మరుసటి ఏడాది అదే 8.2 లీటర్ల ఇంజినుకు 235 అని రాసింది. ఏడాదిలో గుర్రాలేమీ పారిపోలేదు, కొలిచే పద్ధతి మారిందంతే. అప్పటిదాకా అమెరికాలో సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు వంటివి తీసేసి ఒట్టి ఇంజినును పరీక్షించేవారు. 1972 నుంచి కారులో ఉన్నట్టే అన్నీ బిగించి కొలిచారు. ఆ 235 కూడా ఇంజిను దగ్గరి లెక్కే. చక్రం దాకా చేరేది అంతకన్నా తక్కువ.

నగల దుకాణంలో తరుగు తీసినట్టు ఇంత శాతం తీసేస్తే చక్రాల శక్తి వచ్చేస్తుందని చాలామంది నమ్మకం. మాన్యువల్ గేర్లయితే 15 శాతం అని నోటిలెక్కగా చెప్పేస్తారు. నాకు ఈ లెక్క మీద గురి లేదు. 100 హార్స్‌పవర్ ఇంజినులో 15 పోయాయంటే సుమారు 11 కిలోవాట్లు. స్నానానికి నీళ్లు కాచే గీజర్లు ఐదారు ఒకేసారి వేసినంత వేడి. ఇంజినును మార్పించి 200కు పెంచితే పోయేది 30 అవుతుందా? గేర్‌బాక్స్ అదే, అందులోని ఆయిలూ అదే. పళ్ల రాపిడి భారంతో పాటు పెరిగే మాట నిజమే. కానీ గేర్లు ఆయిల్‌ను చిలకడానికి అయ్యే ఖర్చు ముఖ్యంగా వేగాన్ని బట్టి ఉంటుంది, ఇంజిను ఎంత బలమైనదో దానికి పట్టదు.

బండి నిర్మాణాన్ని బట్టి కూడా తరుగు మారుతుంది. ఇంజినును అడ్డంగా బిగించి ముందు చక్రాలను తిప్పే చిన్న కార్లలో శక్తి రెండు జతల గేర్లు దాటితే చాలు. ఒక్కో జత దగ్గర పోయేది ఒకటి రెండు శాతం. అంబాసిడర్ వంటి వెనక చక్రాల బండిలో శక్తి బండి కింద పొడుగ్గా ఉండే ప్రొపెల్లర్ షాఫ్ట్ గుండా పోయి, వెనక ఇరుసు మధ్యనుండే గేర్ల పెట్టె అయిన డిఫరెన్షియల్ దగ్గర లంబకోణంలో మలుపు తిరగాలి. అక్కడ గేరు పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ ఎక్కువ వేడెక్కుతాయి. ఇక చక్రాల శక్తిని కొలిచే డైనమోమీటరు రోలర్ల మీద పరీక్షిస్తే టైరు నలగడానికి అయ్యే ఖర్చునూ పాపం గేర్‌బాక్స్ ఖాతాలోనే రాస్తారు.

రోలర్లు లేకున్నా చక్రాలకు చేరే శక్తిని గడియారంతో అంచనా కట్టవచ్చు. వాహనాలు తిరగని, చదునైన ప్రైవేటు ట్రాక్ మాత్రం కావాలి. మనుషులతో కలిపి 1,100 కిలోల కారు రెండో గేరులో 60 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి 4 సెకన్లలో చేరిందనుకుందాం. గతిశక్తిలో పెరుగుదల సుమారు 1,18,800 జౌళ్లు. నాలుగుతో భాగిస్తే 29.7 కిలోవాట్లు. గాలిని, రోడ్డును నెట్టుకుపోవడానికి అయింది ఇందులో లేదు. దాన్ని పట్టుకోవడానికి న్యూట్రల్‌లో వదిలి 80 నుంచి 60కి ఎంతసేపట్లో దిగిందో చూడాలి. 22 సెకన్లు పడితే అవే జౌళ్లను 22తో భాగించాలి: 5.4 కిలోవాట్లు. రెండూ కలిపితే 35.1, అంటే మన బ్రోచర్లలో రాసే పీఎస్‌లలో (మెట్రిక్ హార్స్‌పవర్) దాదాపు 48.

ఇది ఆ నాలుగు సెకన్ల సగటు. బ్రోచరులోని అంకెతో పోల్చాలంటే ఇంజిను గరిష్ఠ శక్తినిచ్చే వేగానికి దగ్గరగా పరీక్ష జరగాలి. స్పీడోమీటరు సాధారణంగా కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి జీపీఎస్ వేగం తీసుకోవాలి. గాలివాటం, వాలు సరిపోవడానికి రెండు దిక్కులా నడిపి సగటు కట్టాలి. బండి కాస్త దూరం తిరిగి గేర్ ఆయిల్ వేడెక్కాకే మొదలుపెట్టాలి. చల్లని ఆయిల్ చిక్కగా ఉండి, పొద్దున్నే కొలిస్తే మరో రెండు గుర్రాలను మింగేయగలదు.