తిండి మీద యాప్ చేద్దామనుకునే డిజైన్ విద్యార్థులకు: అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో డిజైన్ చదివే పిల్లలకు పాఠాలు చెప్పడం నా పని. ఏటా ఒక సెమిస్టర్ ప్రాజెక్టు కాలేజీ బయట చేయిస్తాం. బిల్డింగు పనులకు వచ్చి రేకుల షెడ్లలో ఉండే అనంతపురం, కర్నూలు, రాయచూరు వైపు కుటుంబాలు, వాళ్ల మధ్య పనిచేసే చిన్న సంఘాలు మా భాగస్వాములు. మంచి తిండి వాళ్లకు దగ్గర్లో, వాళ్లు భరించే ధరలో దొరకడానికి మనం చేసే ఫోన్ లైనో, మ్యాపో, పేకముక్కల్లాంటి కార్డుల ఆటో ఏమైనా పనికొస్తుందా అన్నదే చూస్తాం. బ్యాచ్‌లు మారుతున్నా అపోహలు మాత్రం అవే.

అపోహ: "వాళ్లకు సమాచారం లేదు, ఏది ఎక్కడ దొరుకుతుందో మ్యాప్‌లో పెడితే చాలు."

ఎక్కడ దొరుకుతుందో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. కె.ఆర్. మార్కెట్లో టమాటా చవక అని షెడ్డులో ఏ అక్కనడిగినా చెప్తుంది. కానీ పొద్దున అక్కడికి పోతే ఆ పూట కూలి పోతుంది, పోనీ ఆదివారం పోయి వారానికి సరిపడా తెచ్చుకున్నా ఫ్రిజ్ లేదు, ఆ రేకుల వేడికి ఆకుకూర మర్నాటికే వాడిపోతుంది. అందుకే సాయంత్రం షెడ్డు ముందుకొచ్చే తోపుడు బండి దగ్గర, ధర ఎక్కువని తెలిసే, ఇరవై రూపాయల కూరగాయలు కొంటారు.

ఒక బ్యాచ్ పిల్లలు మార్కెట్‌కు బస్సు దారి గీసి, పక్కన "మహిళలకు ఉచితం" అని రాశారు. ఒకావిడ ఆ గీత మీద వేలు పెట్టి, "మాకెవరిస్తారు నాయనా ఫ్రీ, కండక్టరు ఆధార్ అడుగుతాడు" అంది. నిజమే. 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకం కర్ణాటక వాళ్లకే, ఆధార్‌లో ఆంధ్ర అడ్రసుంటే టికెట్ కొనాల్సిందే. ఇందిరా క్యాంటీన్ అనే ప్రభుత్వ చవక భోజనశాలకు మాత్రం ఈ చిక్కు లేదు. 2017 ఆగస్టులో ఐదు రూపాయల టిఫిన్, పది రూపాయల భోజనంతో మొదలైంది, అక్కడ కార్డులేవీ చూపించక్కర్లేదు, షెడ్డుకు దగ్గర్లో ఉంటే బంగారమే. కాకపోతే మ్యాప్ మీద చుక్క పెట్టేముందు, పని మొదలయ్యేలోపు అక్కడికి నడిచివెళ్లి, లైన్లో నిలబడి, తిని తిరిగి రావచ్చో లేదో మీరే ఒకసారి నడిచి చూడండి.

అపోహ: "ఆంధ్రా కార్డుకు ఇక్కడ బియ్యం ఇవ్వరు."

ఇది విద్యార్థులకే కాదు, షెడ్లలో చాలామందికి ఉన్న నమ్మకం. కొందరు డీలర్లూ ఇదే మాట చెప్పి పంపించేస్తారు. కానీ సొంత రాష్ట్రం కార్డుతో వేరే రాష్ట్రంలోనూ రేషన్ తీసుకోనిచ్చే 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పథకం 2019 ఆగస్టులో మొదలైనప్పుడు ముందు చేరిన నాలుగు రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ఉన్నాయి. 2022 జూన్‌లో అస్సాం కూడా చేరడంతో దేశమంతా వచ్చేసింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న మామూలు కార్డైతే మనిషికి నెలకు 5 కిలోలు ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చు, 2023 జనవరి నుంచి దానికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఊళ్లో ఉన్న అవ్వాతాతలు వాళ్ల వాటా అక్కడ తీసుకుంటే, మిగిలింది వీళ్లిక్కడ తీసుకోవచ్చు. ఈ చివరి మాట చెప్పినప్పుడే అందరూ తలెత్తి చూస్తారు, ఎందుకంటే ఇక్కడ తీసుకుంటే ఊళ్లో ముసలివాళ్లకు ఆగిపోతుందన్న భయంతోనే చాలామంది షాపు గడప తొక్కరు.

మెలికలు లేకపోలేదు. ఆంధ్రలో రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా ఇచ్చే కార్డులూ ఉన్నాయి, కేంద్ర చట్టం కిందికి రాని ఆ కార్డు ఇక్కడ చెల్లదు. కర్ణాటక తన వాళ్లకు అదనంగా ఇచ్చేది మనవాళ్లకు రాదు. అన్నిటికంటే పెద్ద తలనొప్పి వేలిముద్ర. సిమెంటు, ఇటుకలతో వేళ్ల గీతలు అరిగిపోయి మిషన్ ఎన్నిసార్లు పెట్టినా తీసుకోదు, వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటారు, కార్డు పట్టుకెళ్లినాయన సిగ్గుపడి వెనక్కొచ్చేస్తాడు. కార్డులో పేరు, ఆధార్ ఉన్న ఇంట్లోవాళ్లు ఇంకెవరైనా వేలు పెట్టొచ్చు, పనికి పోని కూతురైనా సరే. మీరు ఏ మీడియా చేసినా అందులో మొదట వినబడాల్సింది ఈ ముక్క.

అపోహ: "ఈ రోజుల్లో స్మార్ట్‌ఫోన్ లేని ఇల్లెక్కడుంది?"

ఇంటికొకటి ఉంది, అది పగలంతా మొగుడి జేబులో సైటు మీద ఉంటుంది. సాయంత్రం పిల్లల చేతిలో. స్టోరేజీ ఎప్పుడూ నిండే ఉంటుంది, మీ యాప్ కోసం ఏ పెళ్లి వీడియో తీసేస్తారు? మిస్డ్ కాల్ ఇస్తే తిరిగొచ్చి మాట్లాడే లైను ఇక్కడ బాగా పనిచేస్తుంది, అదీ మూడు ఆప్షన్లకు మించకపోతే. గొంతు కూడా సంఘం మనిషిదైతే మేలు, న్యూస్ చదివినట్టుంటే బ్యాంకు వాళ్లనుకుని పెట్టేస్తారు. అసలు ఇలా వేరే రాష్ట్రంలో రేషన్ తీసుకునేవాళ్ల కోసం 14445 అని హెల్ప్‌లైన్ ఉంది, 2021 నుంచి మేరా రేషన్ అనే ప్రభుత్వ యాపూ ఉంది. కొత్తది గీసేముందు ఆ నంబరుకు మీరే ఫోన్ చేసి, షెడ్డులో మనిషి ఎక్కడ విసిగి పెట్టేస్తాడో రాసుకోండి. క్యూఆర్ కోడ్ పోస్టర్ల గురించి నేనేమీ అనను.

అపోహ: "డిజైన్ అయ్యాక వాళ్లకు చూపించి ఫీడ్‌బ్యాక్ తీసుకుందాం."

అప్పటికి వాళ్లు చెప్పడానికి మిగిలేది "బాగుంది బాబూ" ఒక్కటే. వాడేవాళ్లతో మొదటినుంచీ కలిసి కూర్చుని డిజైన్ చేసే పద్ధతి పుట్టిందే కార్మికుల దగ్గర. 1970ల మొదట్లో నార్వేలో క్రిస్టెన్ నైగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త లోహ కార్మికుల యూనియన్‌తో కూర్చుని, ఫ్యాక్టరీకి వచ్చే కంప్యూటర్లు ఎలా ఉండాలో వాళ్లచేతే ఆలోచింపజేశాడు. మా దగ్గర ఒకసారి పిల్లలు తిండి బొమ్మల కార్డులు చేసి చాప మీద పరిచారు, పాలకూర, పండ్లు ముందు వరసలో. ఆడవాళ్లు మాట్లాడకుండా వాటిని పక్కకు జరిపి గుడ్డును మొదట పెట్టారు: తొందరగా పాడవదు, ఒంటి స్టవ్ మీద నిమిషాల్లో అవుతుంది, ఒక్కటైనా అమ్ముతారు. ఆట మొత్తం మళ్లీ అక్కడినుంచి మొదలైంది. ఆ ఆదివారం కూర్చున్నవాళ్లకు కూలి లెక్కన డబ్బివ్వాలి, టీ బిస్కెట్లతో సరిపెట్టకండి.

అపోహ: "జ్యూరీ ముందు పెట్టి మార్కులు వేయించుకోవడం అయిపోయింది కదా, ప్రాజెక్టు అయినట్టే."

సెమిస్టర్ అయ్యాక మీ ఫోన్ లైను సిమ్ రీఛార్జ్ ఎవరు చేస్తారు? ముందే తేల్చుకోండి. సిమ్, పాస్‌వర్డు మొదటి రోజునుంచే సంఘం పేరు మీద ఉండాలి, ఏడాది రీఛార్జ్ డబ్బు ప్రాజెక్టు బడ్జెట్లోనే రాయాలి. ఇంకోటి, బిల్డింగు లేచాక షెడ్డు లేచిపోతుంది, మేస్త్రి ఎక్కడికి తీసుకెళ్తే వాళ్లక్కడికి. గోడ మీద అంత అందంగా వేసిన మ్యాపు ఏ జేసీబీ కిందో పోతుంది. అందుకే ఇప్పుడు గుడ్డ మీద వేయిస్తున్నాం, రేషన్ షాపుల గుర్తులు వెల్క్రోతో అంటించి, కొత్త చోటికి పోయాక వాళ్లే పీకి మార్చుకునేలా.