అందరి పేరూ హైన్రిషే: ఒక కుట్ర కేసు వెనుక ఉన్న రాయిస్ రాజవంశం

2022 డిసెంబర్ 7 తెల్లవారుజామున జర్మనీ వ్యాప్తంగా సుమారు 3,000 మంది పోలీసులు ఏకకాలంలో సోదాలకు దిగారు. 25 మందిని అరెస్టు చేశారు. పార్లమెంటు భవనంలోకి సాయుధులుగా చొరబడి ప్రభుత్వాన్ని కూల్చాలని ఒక ముఠా పథకం వేసిందన్నది ప్రాసిక్యూటర్ల అభియోగం. పట్టుబడినవారిలో మాజీ సైనికాధికారి ఉన్నారు, పార్లమెంటు మాజీ సభ్యురాలైన న్యాయమూర్తి ఉన్నారు. కానీ ప్రపంచ పత్రికలన్నీ మొదటి పేజీలో వేసింది మాత్రం ట్వీడ్ కోటు వేసుకున్న 71 ఏళ్ల పెద్దమనిషి ఫొటోను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరాస్తి వ్యాపారం చేసుకునే ఆయన పేరు 13వ హైన్రిష్ రాయిస్. కుట్ర ఫలిస్తే కొత్త ప్రభుత్వానికి అధినేత కావలసింది ఆయనేనని ప్రాసిక్యూటర్లు అంటున్నారు. థ్యూరింగియాలోని ఆయన వేట బంగళాలోనే ముఠా సమావేశాలు జరిగాయని కూడా ఆరోపించారు.

దీనికి మూడేళ్ల ముందు, 2019లో, ఆయన జూరిక్‌లో జరిగిన ఒక వ్యాపార సదస్సులో ప్రసంగించారు. తమ వంశం వెయ్యేళ్లు పాలించిందని, ఆ రోజుల్లో ప్రజలు సుఖంగా ఉన్నారని, తమను అన్యాయంగా గద్దె దింపారని, నేటి జర్మనీకి అసలు సార్వభౌమత్వమే లేదని ఆ ప్రసంగ సారాంశం. యూదు బ్యాంకర్ల మీద పాత నిందలూ అందులో దొర్లాయి. ఆ వెయ్యేళ్ల పాలన ఎలాంటిదో, అందులో ఆయన శాఖకు దక్కిన వాటా ఎంతో చరిత్రలో చూస్తే కథ వేరేలా కనిపిస్తుంది.

ఈ వంశం రాజులుగా పుట్టలేదు, ఉద్యోగులుగా పుట్టింది. 12వ శతాబ్దంలో జర్మన్ చక్రవర్తులు తూర్పు థ్యూరింగియా అడవుల్లోని తమ భూములను చూసుకోవడానికి అధికారులను నియమించారు. పన్ను వసూలు, న్యాయ విచారణ, అవసరమైతే యుద్ధం, అన్నీ వాళ్ల పనే. ఆ అధికారిని ఫోగ్ట్ అనేవారు. వైడా, గేరా, ప్లావెన్ పట్టణాలు కేంద్రంగా ఈ కుటుంబం అలాంటి ఫోగ్ట్‌లుగా ఉండేది. ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ ఫోగ్ట్‌లాండ్ అంటారు. యజమాని దూరంలో ఉంటే గుమాస్తా మెల్లగా యజమాని అవుతాడు కదా. రెండు మూడు తరాల్లో ఆ కొలువు కాస్తా వంశపారంపర్య ఆస్తిగా మారింది.

తమను ఆదరించిన చక్రవర్తి ఆరవ హైన్రిష్ పట్ల కృతజ్ఞతగా, ఇంట్లో పుట్టిన ప్రతి మగబిడ్డకూ హైన్రిష్ అనే పేరే పెట్టాలని ఆ కుటుంబం నిర్ణయించుకుందని సంప్రదాయం చెబుతుంది. చక్రవర్తి 1197లో పోయాడు. ఆ పేరు మాత్రం నేటికీ ఆ ఇంటిని వదల్లేదు. పెద్దకొడుకు హైన్రిష్, రెండోవాడు హైన్రిష్, చిన్నాన్న కొడుకూ హైన్రిషే. ఎవరు ఎవరో తేల్చడానికి అంకెలు తప్పనిసరి అయ్యాయి. మామూలుగా యూరప్‌లో సంఖ్య గద్దెనెక్కిన రాజుకే వస్తుంది. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ వస్తుంది, పసితనంలోనే పోయినవాడికి సైతం. వంశం రెండుగా చీలాక లెక్కల పద్ధతులూ రెండయ్యాయి. పెద్ద శాఖ వంద దాకా వరుసగా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలనుకుంది, కానీ 24 దగ్గరే వంశం ఆగిపోయింది. చిన్న శాఖ ప్రతి శతాబ్దంలో లెక్కను కొత్తగా మొదలుపెడుతుంది. 1895లో పుట్టినవాడు 45వ హైన్రిష్ కాగా, 1919లో పుట్టినవాడు నాలుగో హైన్రిష్ కావడం అందువల్లే. 18వ శతాబ్దంలో ఈ అంకె 70 దాటింది.

కాబట్టి 13వ హైన్రిష్ అనగానే ఆయనకు ముందు 12 మంది రాజులు ఉన్నారనుకోకూడదు. 20వ శతాబ్దంలో ఆ కుటుంబంలో పుట్టిన 13వ మగబిడ్డ ఆయన, అంతే. ఇదే సంఖ్యతో నిజంగా గద్దెనెక్కినవాడు వేరే ఉన్నాడు. పెద్ద శాఖకు చెందిన ఆ 13వ హైన్రిష్ 1800 నుంచి 1817 దాకా గ్రైట్స్‌లో పాలించాడు.

రాయిస్ అనే ఇంటిపేరు 13వ శతాబ్దం చివర్లో వచ్చింది. ప్లావెన్ శాఖలో ఒక హైన్రిష్, నేటి ఉక్రెయిన్ ప్రాంతపు రుథేనియా రాచకుటుంబంతో చుట్టరికం ఉన్న అమ్మాయిని పెళ్లాడాడు. దాంతో అతణ్ని రుథేనియావాడు అని పిలవసాగారు, అదే ఇంటిపేరై నిలిచింది.

తర్వాతి చరిత్ర ప్రధానంగా భాగాల పంపకమే. పెద్దకొడుక్కే సర్వం అన్న నియమం ఈ ఇంట్లో చాలా ఆలస్యంగా వచ్చింది. 1564లో ఆస్తి మూడు శాఖలుగా చీలింది. వాటిలో మధ్య శాఖ 1616లో అంతరించింది. పెద్ద శాఖకు గ్రైట్స్, చిన్న శాఖకు గేరా కేంద్రాలు. ఆ తర్వాత గేరా, ష్లైట్స్, లోబెన్‌స్టైన్, ఎబర్స్‌డార్ఫ్ అంటూ ముక్కల్లో ముక్కలు. ఒక్కో ముక్కకు ఒక కోట, ఒక దర్బారు, ఒక హైన్రిష్. వీటన్నిటి ఖర్చూ మోసింది రైతులూ నేతగాళ్లే. ప్రజల సుఖం గురించి జూరిక్‌లో మాట్లాడినప్పుడు ఈ సంగతి చర్చకు వచ్చినట్టు లేదు.

ఈ వరుసలో ఆగి చూడదగ్గ మనిషి లేకపోలేదు. 1572లో, తండ్రి పోయిన కొన్ని వారాలకు పుట్టిన హైన్రిష్‌ను చరిత్ర ‘పోస్తుముస్’ అని పిలుస్తుంది. గేరాను నిలబెట్టినవాడు అతనే. మతహింస తట్టుకోలేక ఫ్లాండర్స్ నుంచి వచ్చిన నేత, అద్దకం పనివాళ్లకు చోటిచ్చాడు. వాళ్ల రాకతో ఊరికి ఉన్ని వ్యాపారం అబ్బింది. 1608లో స్థాపించిన ఉన్నత పాఠశాలకు వంశం పేరు మీదుగా రుథేనియం అని పేరు పెట్టాడు. సంగీతమంటే ప్రాణం. ప్రసిద్ధ స్వరకర్త హైన్రిష్ షుట్స్ పుట్టిన ఊరు క్యోస్ట్రిట్స్ ఈ సంస్థానంలోదే, ఇద్దరికీ మంచి పరిచయం.

ఈ పోస్తుముస్ బతికుండగానే రహస్యంగా తన శవపేటిక చేయించుకున్నాడు. దాని మూత మీద, పక్కల మీద, తలవైపు, కాళ్లవైపు ఏయే బైబిల్ వాక్యాలు, కీర్తన చరణాలు చెక్కాలో స్వయంగా ఎంచుకున్నాడు. 1635 డిసెంబర్‌లో అతను పోయాక ఆ వాక్యాలకే షుట్స్ బాణీ కట్టాడు. 1636 ఫిబ్రవరిలో అంత్యక్రియల వేళ గేరాలో ఆ సంగీతాన్ని ఆలపించారు. ముప్పై ఏళ్ల యుద్ధం ఊళ్లను తగలబెడుతున్న కాలమది, గాయకులే దొరకని రోజులు. ‘మ్యూజికాలిషె ఎక్సెక్వియెన్’ అనే ఆ రచనను నేటికీ ప్రపంచమంతటా పాడుతున్నారు. రాయిస్‌ల పాలన మొత్తంలో లోకానికి మిగిలిన అత్యంత విలువైన వస్తువు ఏదని అడిగితే, నా ఓటు ఆ శవపేటిక మీది అక్షరాలకే.

బిరుదుల విషయానికొస్తే, వీళ్లు ప్రిన్స్‌లు కావడం ఇటీవలి ముచ్చటే. అంతకుముందు కౌంట్‌లు మాత్రమే. పెద్ద శాఖకు ఆ హోదా 1778లో చక్రవర్తి రెండో జోసెఫ్ ఇచ్చాడు. ష్లైట్స్, ఎబర్స్‌డార్ఫ్ శాఖలకు 1806లో, పవిత్ర రోమన్ సామ్రాజ్యమే కూలిపోయిన ఏడాదిలో వచ్చింది. సంస్థానం చిన్నదైనా పెళ్లి సంబంధాలకు మాత్రం లోటు లేదు. ఎబర్స్‌డార్ఫ్ ఆడపడుచు అగస్తా కోబర్గ్ డ్యూక్‌ను పెళ్లాడింది. ఆమె కూతురి బిడ్డ విక్టోరియా మహారాణి, కొడుకు బిడ్డ ఆ మహారాణి భర్త ఆల్బర్ట్. మన తాతల కాలపు వెండి రూపాయల మీద బొమ్మ ఉన్న మహారాణికి అమ్మమ్మ ఈ ఇంటి పిల్లేనన్నమాట.

1848 విప్లవం గాలికి ఎబర్స్‌డార్ఫ్ పాలకుడు 72వ హైన్రిష్ గద్దె దిగిపోయాడు. చిన్న శాఖ ముక్కలన్నీ ష్లైట్స్ పాలకుడి కింద ఒక్కటయ్యాయి. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడేనాటికి మిగిలినవి రెండే రాయిస్‌లు. గ్రైట్స్ కేంద్రంగా ఉన్న పెద్ద శాఖ సంస్థానం విస్తీర్ణం 317 చదరపు కిలోమీటర్లు. గేరా కేంద్రంగా ఉన్న చిన్న శాఖది 827. విచిత్రంగా పెద్ద శాఖది చిన్న రాజ్యం, చిన్న శాఖది పెద్ద రాజ్యం.

ఆ చిన్న రాజ్యానికి పంతం మాత్రం పెద్దది. 1866లో జర్మన్ రాజ్యాల్లో బలమైన ప్రష్యా, ఆస్ట్రియాలు తలపడినప్పుడు, మైనర్ కొడుకు తరఫున గ్రైట్స్‌ను ఏలుతున్న రాణి కరోలినె ఆస్ట్రియా వైపు మొగ్గింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ప్రష్యాకు దండం పెడుతున్నా ఆమె వినలేదు. ప్రష్యా సైనికులు గ్రైట్స్‌లోకి వచ్చి కూర్చున్నారు. చివరికి లక్ష థాలర్లు (నాటి వెండి నాణేలు) చెల్లించి రాజ్యాన్ని దక్కించుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది పగ్గాలు చేపట్టిన కొడుకు 22వ హైన్రిష్ ఆ అవమానాన్ని చచ్చేదాకా మరిచిపోలేదు. సామ్రాజ్య మండలిలో ప్రష్యాకు 17 ఓట్లు, గ్రైట్స్‌కు ఒకటి. ఆ ఒక్క ఓటునూ ఆయన పట్టుదలగా వ్యతిరేకంగా వేయించేవాడు. చర్చి మీద సామ్రాజ్య ప్రధాని బిస్మార్క్ తెచ్చిన చట్టాలు, రిజిస్టర్ వివాహాలు, చివరకు 1896 నాటి పౌర స్మృతి, అన్నిటికీ కాదనే సమాధానమే. ఆయన్ను ప్రజాస్వామ్యవాది అనుకుంటే పొరపాటు. బిస్మార్క్ కంటే పాతకాలపు మనిషి కాబట్టే ఆ వ్యతిరేకత.

విధి వెక్కిరింత ఏమిటంటే, జీవితమంతా ప్రష్యా రాజవంశాన్ని ద్వేషించిన ఈయన కూతురు హెర్మినె, గద్దె దిగి నెదర్లాండ్స్‌లో తలదాచుకున్న ప్రష్యా రాజు, జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్‌ను 1922లో పెళ్లాడింది. ఇద్దరికీ అది రెండో పెళ్లి. తండ్రి అప్పటికి 20 ఏళ్ల కిందటే పోయాడు కాబట్టి సరిపోయింది. ఆయన ఏకైక కొడుకు 24వ హైన్రిష్ చిన్నప్పటి ప్రమాదం వల్ల పాలనకు పనికిరాకుండా పోయాడు. 1902 నుంచీ గ్రైట్స్ వ్యవహారాలను చిన్న శాఖవాళ్లే చూశారు. 1927లో అతని మరణంతో పెద్ద శాఖ ముగిసింది.

ఇక గద్దె దింపడం సంగతి. 1918 నవంబర్‌లో యుద్ధం ఓడి, నగరాలన్నీ తిరగబడుతున్న వేళ, చిన్న శాఖ పాలకుడు 27వ హైన్రిష్ రెండు రాయిస్‌ల అధికారాన్నీ వదులుకున్నాడు. రక్తపాతం జరగలేదు. రెండు సంస్థానాలు 1919లో ప్రజారాజ్యంగా కలిసి, 1920 మే 1న థ్యూరింగియా రాష్ట్రంలో లీనమయ్యాయి. కొత్త జర్మన్ గణతంత్రం 1919లో తెచ్చుకున్న వైమార్ రాజ్యాంగం కులీనుల ప్రత్యేక హక్కులను రద్దు చేసి, బిరుదులను ఇంటిపేరులో భాగంగా మాత్రమే ఉంచింది. నేడు ఒక జర్మన్ పేరులో ప్రిన్స్ అని ఉంటే దానికి చట్టం దృష్టిలో ఇంటిపేరుకు మించిన విలువ లేదు.

ఈ కుటుంబాన్ని నిజంగా దెబ్బతీసింది 1918 కాదు, 1945. గేరాలోని ఓస్టర్‌స్టైన్ కోట 1945 దాకా వాళ్ల నివాసమే. చివరి పాలకుడి కొడుకు 45వ హైన్రిష్‌కు నాటకాల పిచ్చి, గేరా నాటకశాల కోసం పనిచేశాడు. పెళ్లి చేసుకోలేదు. నాజీల వైపు మొగ్గాడు. ఆస్తి చెదిరిపోకుండా 1935లో క్యోస్ట్రిట్స్ శాఖకు చెందిన మొదటి హైన్రిష్‌ను దత్తత తీసుకున్నాడు. 1945 ఏప్రిల్ బాంబు దాడిలో కోట కాలిపోయింది. ఆగస్టులో సోవియట్ సైన్యం 45వ హైన్రిష్‌ను ఎబర్స్‌డార్ఫ్‌లో పట్టుకుపోయింది, ఆ తర్వాత ఆయన జాడ లేదు. వంద హెక్టార్లు మించిన భూములన్నిటినీ పరిహారం లేకుండా స్వాధీనం చేసుకున్న భూసంస్కరణలో అడవులూ కోటలూ పోయాయి.

అలా దత్తత వెళ్లిన మొదటి హైన్రిష్ కొడుకే నేటి నిందితుడు. పశ్చిమ జర్మనీలో పెరిగిన ఆయనకు 1990లో రెండు జర్మనీలు ఏకమవడం ఒక ఆశ. అయితే ఏకీకరణ ఒప్పందం ప్రకారం 1945-49 మధ్య సోవియట్ ఆక్రమణలో జరిగిన స్వాధీనాలను తిరగదోడరు. రాజ్యాంగ న్యాయస్థానం 1991లో దాన్ని సమర్థించింది. 1994 చట్టం కొంత పరిహారానికి, చిత్రాలు, పుస్తకాలు వంటి చరాస్తులను తిరిగి కోరడానికి దారి చూపింది కానీ, నాజీలకు గణనీయంగా తోడ్పడినవారిని మినహాయించింది. ప్రష్యా రాజవంశం వారసులు ప్రభుత్వంతో ఏళ్ల తరబడి పోరాడింది ఇదే నిబంధన చుట్టూ. రాయిస్ కుటుంబం కూడా కోర్టుల చుట్టూ తిరిగి కొన్ని వస్తువులు, కొంత ఆస్తి రాబట్టుకుంది. 13వ హైన్రిష్ ఆశించినంత మాత్రం రాలేదు.

జర్మనీలో ‘రైష్‌బ్యుర్గర్’ అనే ధోరణి ఉంది. పాత సామ్రాజ్యం ఇంకా బతికే ఉందని, ఇప్పటి గణతంత్రం చెల్లదని నమ్మేవాళ్లు 20 వేల పైచిలుకు ఉన్నారని అక్కడి నిఘా సంస్థ అంచనా. కొందరు సొంతంగా పాస్‌పోర్టులు అచ్చువేసుకుంటారు, పన్ను కట్టరు. నీ ఆస్తిని లాక్కున్నది చట్టం కాదు, అసలు ఆ చట్టమే లేదు అని చెప్పే ఈ సిద్ధాంతం, ఏళ్ల తరబడి వ్యాజ్యాలతో విసిగిన మనిషి చెవికి ఎంత ఇంపుగా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

వంశావళి లెక్కన చూసినా ఆయన వాదన నిలవదు. క్యోస్ట్రిట్స్ శాఖ చిన్న శాఖలోంచి చీలిన ఉపశాఖ. 1806లో వాళ్లకూ ప్రిన్స్ బిరుదు దక్కింది కానీ, సార్వభౌమాధికారం ఏనాడూ లేదు. ఆయన పితృవంశంలో గేరా గద్దె మీద గానీ, గ్రైట్స్ గద్దె మీద గానీ కూర్చున్న తాతముత్తాతలు ఈ రెండు శతాబ్దాల్లో ఒక్కరూ లేరు. తండ్రికి దత్తత ద్వారా వచ్చింది ఆస్తి మీద హక్కే, అది కూడా రాజ్యం రద్దయిన 17 ఏళ్ల తర్వాత. కుటుంబ పెద్ద అయిన 14వ హైన్రిష్ అరెస్టులకు ముందే ఆయనతో తమకు సంబంధం లేదని బహిరంగంగా చెప్పారు. కుటుంబ సంఘం నుంచి ఆయన ఎన్నో ఏళ్ల కిందటే తప్పుకున్నారని వివరించారు.

కేసు పెద్దది కావడంతో నిందితులను మూడు నగరాల కోర్టుల మధ్య పంచారు. 2024 ఏప్రిల్‌లో స్టుట్‌గార్ట్‌లో, జూన్‌లో మ్యూనిక్‌లో విచారణలు మొదలయ్యాయి. 13వ హైన్రిష్, ముఠా నాయకులుగా భావిస్తున్న ఇతరుల విచారణ మే 21న ఫ్రాంక్‌ఫర్ట్‌లో, దీనికోసమే నిర్మించిన తాత్కాలిక కోర్టు భవనంలో ఆరంభమైంది. ఉగ్రవాద ముఠా సభ్యత్వం, రాజద్రోహానికి సన్నాహాలు అన్నవి ప్రధాన అభియోగాలు. తీర్పు వచ్చేదాకా ఇవి ఆరోపణలే.