కేస్ షీట్ పంచాయితీ: ఆరోగ్యశ్రీ దగ్గర మొదలైన తేడా

డిశ్చార్జ్ అయినవాళ్ల కేస్ షీట్లు టైమ్‌కి పూర్తి కావడం లేదంటూ డాక్టర్లకూ రికార్డ్ సెక్షన్‌కూ మధ్య వరంగల్‌లో మళ్లీ పంచాయితీ మొదలైంది. రాసి ఇవ్వకపోతే జూనియర్ డాక్టర్ల స్టైపెండ్ ఆపుతామన్న పాత హెచ్చరికా మళ్లీ వినిపిస్తోంది. ఇక్కడ మెడికల్ కాలేజీ 1959 నుంచీ ఉంది. అప్పటి ముచ్చట్లు వదిలేద్దాం. అసలు మలుపు ఆరోగ్యశ్రీ.

2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆ పథకం మరుసటి ఏడాదికల్లా ఉమ్మడి రాష్ట్రమంతా వచ్చేసింది. అంతకుముందు కేస్ షీట్ అంటే తర్వాతి డ్యూటీ డాక్టర్ చూసుకోవడానికి రాసేది. ఆ తర్వాత అదే బిల్లుకు ఆధారమైంది. రిపోర్టులు, ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జ్ సమ్మరీ అన్నీ అప్‌లోడ్ అయితేనే క్లెయిమ్ కదులుతుంది. దాంతో డబ్బు తెచ్చే షీట్లను వెంటపడి రాయించుకోవడం అలవాటైంది. జ్వరాలు, పురుగుమందు తాగిన కేసులు, రాత్రి చేరి తెల్లారేసరికి చనిపోయినవాళ్లవి మూలకు పడ్డాయి. తీరా కోర్టు నుంచి సమన్లు వచ్చేది ఆ పురుగుమందు కేసులకే.

అలాంటి షీట్ తిరగేస్తే మొదటి రోజు పేజీ నిండుగా ఉంటుంది. రెండో రోజు నుంచి ‘సేమ్ ట్రీట్‌మెంట్’. చివర్లో ఫైనల్ డయాగ్నసిస్ గడి ఖాళీ, యూనిట్ చీఫ్ సంతకం లేదు. రాసేది హౌస్‌సర్జన్ (ఎంబీబీఎస్ చివర ఇంటర్న్‌షిప్‌లో ఉన్న డాక్టర్), చెప్పేది పీజీ చదివే డాక్టర్, సంతకం యూనిట్ చీఫ్ అయిన ప్రొఫెసర్‌ది. రికార్డ్ సెక్షన్ నుంచి కబురొచ్చేసరికి హౌస్‌సర్జన్ పోస్టింగ్ మారి పిల్లల వార్డులో ఉంటాడు. నెల కింది పేషెంట్ గురించి ఇప్పుడు గుర్తు తెచ్చుకుని రాయమంటే రేపు కోర్టులో ఎవరు జవాబు చెప్పాలన్నది జూనియర్ల ప్రశ్న. రౌండ్స్‌లోనే సంతకం పెట్టేస్తే ఈ గొడవే ఉండదంటారు వాళ్లు. ఓపీ రద్దీలో కుదరదన్నది పెద్ద డాక్టర్ల మాట.

నియమాలు లేక కాదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులు 3 ఏళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ ఆ 72 గంటల గడువును 5 పనిదినాలు చేసింది కానీ, అదే నెలలో ఆ కొత్త నిబంధనలన్నిటినీ పక్కన పెట్టింది. కాబట్టి 72 గంటల లెక్కే మిగిలింది. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో కాపీ కోసం బస్సెక్కి వచ్చినవాళ్లకు మాత్రం ‘సార్ సంతకం కాలేదు, సోమవారం రండి’ అన్న జవాబే.

3 ఏళ్లు, 72 గంటలు అన్న ఆ రెండు పాత నిబంధనల్లోనూ బాధ్యత వైద్యుడిదే. ఈసారి హెచ్చరికలో స్టైపెండ్ మాట ఉంది గానీ, యూనిట్ చీఫ్ ఎన్ని రోజుల్లో సంతకం చేయాలన్నది లేదు.