థాయ్ భోజనం: అపోహలు, వాస్తవాలు

మాది గుంటూరు వైపు. బెంగళూరు ఇందిరానగర్‌లో ఓ థాయ్ రెస్టారెంట్‌లో వంట చేస్తాను. శనివారం రాత్రి వచ్చిందంటే ఏదో ఒక టేబుల్ నుంచి కబురొస్తుంది: "చెఫ్ మనవాడేనట కదా, కారం గట్టిగా దట్టించమను."

అపోహ: రెడ్ కర్రీ మంట, గ్రీన్ కర్రీ చప్పన.

చాలాసార్లు సంగతి తలకిందులుగా ఉంటుంది. గ్రీన్ కర్రీ రంగు పచ్చిమిరపకాయలది. రెడ్ కర్రీకి ఎండుమిర్చి నానబెట్టి, గింజలు దులిపి నూరుతాం. అసలు మిరపకాయ మనకూ వాళ్లకూ పోర్చుగీసు వాళ్ల పుణ్యమే. కాకపోతే అక్కడ కారం ఒక్కటే పెత్తనం చేయదు. కారం పెంచితే నేను నిమ్మరసం, బెల్లం, ఉప్పు కూడా మళ్లీ సరిచూడాలి. ముందు ఓ ముద్ద తినండి. చాలకపోతే ఫ్రిక్ నామ్ ప్లా అడగండి, ఫిష్ సాస్‌లో తరిగిన మిర్చి వేసి చిన్న గిన్నెలో ఇస్తాం.

అపోహ: చికెన్ తీసేస్తే వెజ్ అయిపోతుంది.

శాకాహారులు ఇదొక్కటి మాత్రం వదలకుండా చదవండి. థాయ్ వంటలో ఉప్పు పని చాలావరకు ఫిష్ సాస్ చేస్తుంది. కర్రీ పేస్టులో మామూలుగా 'కపి' ఉంటుంది, అంటే ఉప్పేసి పులియబెట్టిన చిన్న రొయ్యల ముద్ద. పచ్చి బొప్పాయి సలాడ్ 'సోమ్ తమ్' చూడ్డానికి మన రోటిపచ్చడికి చుట్టంలా ఉంటుంది గానీ, అందులోనూ ఎండురొయ్యలు పడతాయి.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, వేరేచోట, కార్తీకమాసంలో ఓ కుటుంబం వచ్చింది. గుడ్డు కూడా ముట్టరు. టోఫు, కూరగాయలు వేసి కర్రీ పంపాను, మెచ్చుకుని వెళ్లారు. రాత్రి సర్దుతూ కొన్న పేస్టు డబ్బా తిప్పి చూస్తే లేబుల్ మీద 'ష్రింప్' అని ఉంది. గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. ఇప్పుడు నా దగ్గర వెజ్ పేస్టుకి రోలు వేరు, ఉప్పూ సోయా సాసే వాడతాను. మీరు ఎక్కడికెళ్లినా "వెజ్ ఉందా?" అని ఊరుకోకండి. "పేస్టు ఇక్కడే నూరతారా? రొయ్య వేస్తారా? ఫిష్ సాస్ పడుతుందా?" అని అడగండి.

అపోహ: థాయ్ అంటే చాప్‌స్టిక్స్.

అవి ఎక్కువగా నూడుల్స్ సూప్‌కే. అన్నానికి కుడిచేత చెంచా, ఎడమచేత ఫోర్కు. ఫోర్కు చెంచాలోకి నెట్టడానికే, నోట్లోకి కాదు. జిగురన్నమైతే చేత్తోనే తింటారు, మొహమాటపడకండి.

కూర మీద తేలేది పోసిన నూనె అనుకుంటారు కొందరు. చిక్కటి కొబ్బరిపాలు విరిగేదాకా కాచి పేస్టు వేయిస్తాం, ఆ నూనె కొబ్బరిదే.

ఇక టామ్ యమ్ సూప్‌లో తేలే నిమ్మగడ్డి, నిమ్మాకు, గలంగల్ ముక్కలు నమలడానికి కాదు. చారులో కరివేపాకులా పక్కన పెట్టేయండి. ఆమధ్య ఒక పెద్దాయన గలంగల్ ముక్కతో పది నిమిషాలు కుస్తీపట్టి, "అల్లం ఉడకలేదు బాబూ" అన్నారు. అల్లం కాదు బాబాయ్, దుంపరాష్ట్రం అన్నాను. దవడ ఆపి నా వైపు చూశారు. "చిన్నప్పుడు దగ్గొస్తే మా అమ్మ నోట్లో కుక్కేది. దీనికా ఇంత బిల్లు?"