నలభయ్యా, ఎనభయ్యా?

విటమిన్ సి రోజుకెంత కావాలి? బ్రిటన్‌లో అడిగితే పెద్దవాళ్లకు 40 మిల్లీగ్రాములంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 45 అంటుంది. అమెరికాలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 75. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి వచ్చిన 2010 పట్టికలో 40 ఉండేది. 2020 కల్లా అది మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 అయి కూర్చుంది. ఆ పదేళ్లలో మన ఒళ్లేం మారలేదు కదా! మారింది ప్రశ్న.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 20 మంది ఒక ప్రయోగానికి ఒప్పుకున్నారు. ఆయుధం పట్టబోమని సైన్యంలో చేరడానికి నిరాకరించినవాళ్లు వాళ్లు. దీని వెనకున్న శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్, తర్వాత నోబెల్ అందుకున్నాయన. అందరికీ విటమిన్ సి దాదాపు లేని తిండే పెట్టారు. దాంతోపాటు రోజూ ముగ్గురికి 70 మిల్లీగ్రాములు, ఏడుగురికి 10 ఇచ్చారు, మిగిలిన పదిమందికి ఏమీ ఇవ్వలేదు.

ఆ పదిమందికీ వెంటనే ఏమీ కాలేదు. నాలుగు నెలలయ్యాక చర్మం మీద వెంట్రుకల కుదుళ్లు గరుకుగా పొడుచుకొచ్చాయి. ఆ తర్వాత వాటి చుట్టూ నెత్తురు చుక్కలు. ఇంకొన్నాళ్లకు చిగుళ్లు వాచి రక్తం కారడం మొదలైంది. ఒకప్పుడు ఓడల్లో నావికులను గుంపులుగా చంపిన స్కర్వీ ఇదే. పుండు ఎలా మానుతుందో చూడాలని వాళ్ల తొడల మీద కావాలని గాట్లు కూడా పెట్టారు. ఒప్పుకున్నవాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలి.

రోజుకు పదే పది మిల్లీగ్రాములు తీసుకున్న ఏడుగురికి మాత్రం స్కర్వీ రాలేదు. వచ్చినవాళ్లకూ అంతే మోతాదుతో తగ్గింది. పదికి మూడు రెట్లు వేసి, భద్రంగా ఉంటుందని బ్రిటన్ 30 దగ్గర ఆగింది. అది తర్వాత 40 అయింది.

కానీ చిగుళ్లు కారకపోతే చాలా? అమెరికాలో శాస్త్రవేత్త మార్క్ లెవైన్ బృందం 1996లో ఈ ప్రశ్ననే తిప్పి అడిగింది. ఆరోగ్యంగా ఉన్న ఏడుగురు యువకులను నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచి, ముందు ఒంట్లో నిల్వ తగ్గించి, తర్వాత 30 నుంచి 2500 మిల్లీగ్రాముల దాకా మోతాదులు మారుస్తూ రక్తం చూసుకుంటూ పోయారు. నిల్వ బాగా తగ్గినప్పుడు స్కర్వీ లేకుండానే ఏడుగురిలో ఆరుగురు నీరసమో చిరాకో ఉందన్నారు. రోజుకు వంద దగ్గరికొచ్చేసరికి తెల్ల రక్తకణాలు విటమిన్ సితో నిండిపోయాయి. 500 దాటాక ఒంట్లోకి వెళ్లినదాంట్లో చాలాభాగం మూత్రంలో పోయింది. కరోనా రోజుల్లో మనం చప్పరించిన నారింజరంగు బిళ్లల మీద ఉన్న అంకె గుర్తుందిగా, అదే 500!

అమెరికా 2000లో తన లెక్కను దీనిమీదే కట్టింది. తెల్లకణాలు ఇంచుమించు నిండాలి, మూత్రంలో పెద్దగా పోకూడదు. సగటు మగవాడికి అందుకు 75 చాలు. అయితే సగటు పెట్టి సిఫార్సు చేస్తే సగంమందికి చాలదు. అందుకని మనిషికీ మనిషికీ తేడా పదిశాతం ఉంటుందని అనుకుని, దానికి రెండింతలు, అంటే ఇరవైశాతం కలిపారు. 75 కాస్తా 90 అయింది. నూటికి 97 మందికి పైగా సరిపోతుంది. ఆడవాళ్ల అంకెను మాత్రం కొలిచి కాదు, మగవాళ్ల అంకెనే శరీరబరువు తేడాకు తగ్గించి రాశారు. పొగతాగేవాళ్లకు ఇంకో 35 కలిపారు.

చాలామంది పొరబడేది ఇక్కడే. నిన్న 60 తిన్నాను, 80కి 20 తక్కువైంది, లోపమున్నట్టే అనుకుంటారు. కాదు. ఆ 80 దాదాపు అందరికీ సరిపోవాలని ఎత్తులో గీసిన గీత. మీ ఒక్కరి అవసరం అంతకన్నా తక్కువే అయ్యుండే అవకాశం ఎక్కువ. మన 2020 పట్టికలోనే సగటు అవసరం మగవాళ్లకు 65, ఆడవాళ్లకు 55 అని విడిగా ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు.

మన పాత 40లో ఇంకో లెక్క కూడా దాగుంది. వంటలో సగం పోతుందని ముందే కలిపి పెట్టిన అంకె అది. సి విటమిన్ నీళ్లలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. ఆకుకూర ఉడికించి నీళ్లు వంపేస్తే దాంతోపాటే పోతుంది. నిమ్మకాయ పులిహోరకు పొయ్యి మీదుండగా పిండితే చేదెక్కుతుందని మా అమ్మ దించాకే పిండేది. రుచి కోసం చేసిన పని విటమిన్‌నూ కాపాడింది. జామకాయకైతే ఈ గొడవే లేదు, వంద గ్రాముల్లో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది, పచ్చిగానే కొరుక్కు తింటాం.

షెఫీల్డ్ కథ అక్కడితో ముగియలేదు. ఆ తొడల గాట్లు మానాక మచ్చ ఎంత గట్టిగా ఉందో అప్పట్లోనే కొలిచి రాసి పెట్టారు. ఈమధ్య ఇద్దరు పరిశోధకులు ఆ పాత అంకెలనే కొత్త గణాంక పద్ధతులతో మళ్లీ లెక్కవేశారు. స్కర్వీ సంగతి పక్కన పెట్టి, మచ్చ బలంగా ఉండాలంటే ఎంత కావాలని అడిగారు. దాదాపు అందరికీ సరిపడాలంటే రోజుకు 95 మిల్లీగ్రాములని తేలింది.