కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసింది?

ఫోన్‌లో ముఖ్యమైన మాట నడుస్తున్నప్పుడు పక్కగదిలో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో మనకు గుర్తుండదు. శబ్దం చెవిదాకా వచ్చింది, బుర్రలోకి మాత్రం వెళ్లలేదు. ఇంట్లో అయితే అన్నం మెత్తబడి ఊరుకుంటుంది. ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో ఇలాంటిదే 101 మంది ప్రాణాలు తీసింది.

1972 డిసెంబర్ 29 రాత్రి. న్యూయార్క్ నుంచి వచ్చిన ఆ విమానం 176 మందితో మయామిలో దిగబోతోంది. ముందు చక్రం సరిగ్గా దిగిందని చెప్పే పచ్చ లైటు వెలగలేదు. దిగడం ఆపి, 2,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్ పెట్టి, లైటు సంగతి చూడటం మొదలుపెట్టారు. కో-పైలట్ ఆ లైటును ఊడదీసి మళ్లీ బిగించబోతే అది ఇరుక్కుపోయింది. చక్రాన్ని కళ్లతో చూసి రావడానికి ఫ్లైట్ ఇంజనీరు కాక్‌పిట్ కింది అరలోకి దిగాడు. విమానంలోనే ఉన్న మెయింటెనెన్స్ నిపుణుడూ అటే వెళ్లాడు. ఈ హడావుడిలో విమానాన్ని నడిపే కంట్రోల్ కాలమ్‌కి ఎవరో పొరపాటున తగిలి, ఎత్తును నిలిపి ఉంచే ఏర్పాటు విడిపోయి ఉంటుందని దర్యాప్తు అధికారులు భావించారు. విమానం మెల్లగా, కుదుపు లేకుండా కిందికి జారసాగింది. కింద ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేల. చీకట్లో ఒక్క దీపం లేదు.

ఎత్తు తగ్గుతోందని గంట మోగింది. ఎవరూ పట్టించుకోలేదు. నేల తగలడానికి కొద్ది క్షణాల ముందు కో-పైలట్ "మనం ఇంకా రెండు వేల మీదే ఉన్నాం కదా?" అని అడిగాడు. తర్వాత చూస్తే చక్రం సరిగ్గానే దిగి ఉంది. లైటులోని బల్బులు మాడిపోయాయి, అంతే.

వీళ్లను అజాగ్రత్తపరులు అనడానికి నాకు మనసొప్పదు. కెప్టెన్‌కి 29,000 గంటలకు పైగా అనుభవం ఉంది. ఉన్నవాళ్లంతా ఒక నిజమైన సమస్య మీద శ్రద్ధగా పనిచేస్తున్నారు. చిక్కంతా అక్కడే: అందరి శ్రద్ధా ఒక్కచోటే పోగుపడింది.

మికా ఎండ్స్‌లీ అనే అమెరికన్ పరిశోధకురాలు 1995లో ఈ 'సిట్యుయేషనల్ అవేర్‌నెస్'ని, అంటే చుట్టూ జరుగుతున్నదాని మీద మనకుండే ఎరుకని, మూడు మెట్లుగా వివరించారు. ముందు కనిపించాలి, తర్వాత దాని అర్థం తెలియాలి, ఆ పైన కాసేపట్లో ఏమవుతుందో ఊహించగలగాలి. మనం తీసుకునే నిర్ణయం వీటి మీదే నిలబడుతుంది. 401 సిబ్బంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయారు. నేల మీద రాడార్ ముందున్న కంట్రోలర్‌కి మాత్రం ఎత్తు 900 అడుగులని కనిపించింది. రాడార్ అప్పుడప్పుడు తప్పుడు అంకెలు చూపడం మామూలే కనుక ఆయన దాని అర్థం పట్టుకోలేకపోయాడు. "ఎంతవరకు వచ్చింది?" అన్నట్టు అడిగాడే తప్ప 900 అన్న అంకె నోటి నుంచి రాలేదు. ఆ ఒక్క మాట ఆయన అని ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు.

చూడటానికీ గమనించడానికీ ఎంత దూరం ఉందో 2013లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లలో గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులను అడిగారు. ఒక స్కాన్‌లో సగటు గడ్డకు 48 రెట్లున్న గొరిల్లా బొమ్మను చొప్పించారు. 20 మందికి అది కనబడలేదు! వాళ్లలో చాలామంది చూపు సరిగ్గా దాని మీదే పడిందని కంటి కదలికల రికార్డు చెప్పింది.

1978లో పోర్ట్‌లాండ్ దగ్గర మరో విమానం, మళ్లీ చక్రాల సమస్యతోనే తలమునకలై, ఇంధనం అయిపోయి కూలింది. అక్కడ 10 మంది చనిపోయారు. ఆ తర్వాతే విమాన సిబ్బందికి కలిసి పనిచేయడంలో, పని పంచుకోవడంలో, అనుమానం వస్తే పైవాడికైనా గట్టిగా చెప్పడంలో శిక్షణ మొదలైంది. ఇప్పుడు కాక్‌పిట్‌లో ఏ సమస్య వచ్చినా ఒకరు దాన్ని చూస్తారు, ఇంకొకరు విమానం నడపడమే పనిగా పెట్టుకుంటారు. నడిపే బాధ్యత చేతులు మారేటప్పుడు "కంట్రోల్ నాది" అని ఒకరు పైకి అంటారు. "కంట్రోల్ మీది" అని రెండోవారు బదులిస్తారు.